వేళ్ళకు తెలిసిన మాటలు

ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేస్తున్నాను. మా బావమరిది ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. అందుకని అతని ఆఫీసు సంగతుల్లో నాకు తెలియనివంటూ లేవు.

"ఈ నెలాఖరుకి పాత సిస్టమ్ ఆపేస్తున్నారండీ," అంటోంది సూపర్‌వైజరు. "ఒకటో తారీఖు నుంచి కొత్త సిస్టమ్ ఉన్న కంప్యూటర్లయితేనే మన ఆఫీసు సైట్‌లోకి లాగిన్ అవుతాయి. అందరూ మార్పించేసుకున్నారు. మీదొక్కటే మిగిలింది."

"ఇప్పుడున్నది బాగానే పనిచేస్తోంది కదా మేడమ్?"

"బాగా పనిచేసేవాటినే మారుస్తారండీ. చెడిపోయినవాటి జోలికెవరు పోతారు? మా ఆఫీసు లిఫ్టే చూడండి."

"తప్పకుండా చూస్తాను మేడమ్. కళ్ళు రాగానే మొదట దాన్నే చూస్తాను."

అవతల ఆవిడ నాలుక కరుచుకున్న చప్పుడు నాక్కూడా వినిపించింది. తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోన్ పెట్టేశాక మాత్రం అతను కుర్చీలో అటూ ఇటూ కాసేపు తిరిగాడు.

"విన్నావా బావా? ముసలాడికి ఉన్న పళ్ళన్నీ పీకి కొత్తవి పెడతారట. నమలడం మళ్ళీ నేర్చుకోవాలట."

"ముసలాడెవరు? నువ్వా, కంప్యూటరా?"

"ఇద్దరం ఒక ఈడువాళ్ళమేలే."

అతను మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై దాటిన కొత్తలో జ్వరం వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ రెండు కళ్ళ చూపూ పట్టుకుపోయింది. మా పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆవిడ అతణ్ణి మా ఇంటికి తెచ్చేసుకుంది. టైపు నేర్పించింది. ఆస్పత్రి రిపోర్టులు తయారుచేసే ఆఫీసులో పని చూపించింది. మాకు పిల్లలు లేరు. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఇంట్లో ఇప్పుడు ఇద్దరం మగవాళ్ళం, ఒక కంప్యూటరూ.

అతని పని ఇది. డాక్టర్లు రోగిని చూసొచ్చి, చూసిందంతా గబగబా రికార్డు చేసి పంపుతారు. దాన్ని విని రిపోర్టుగా కొట్టి పంపాలి. ఒక చెవిలో డాక్టరు గొంతు. ఇంకో చెవిలో, తెరమీద పడుతున్న అక్షరాలను చదివి వినిపించే కంప్యూటర్ గొంతు. కాలి కింద పెడల్, అది తొక్కితే డాక్టరు ఆగుతాడు, మడమతో నొక్కితే చెప్పిందే మళ్ళీ చెబుతాడు. "ఇంత పెద్ద డాక్టర్లను కాలితో ఆపేవాణ్ణి నేనొక్కణ్ణే బావా," అనేవాడు. ఆ చదివే గొంతును అతను ఎంత వేగంగా పెట్టుకున్నాడంటే, నాకది రేకుల కప్పుమీద వడగళ్ళు పడ్డట్టే ఉండేది గానీ మాటల్లా వినిపించేది కాదు.

నాకు నీటి సరఫరా ఆఫీసు నుంచి పింఛను వస్తుంది. ఇద్దరికీ అది సరిపోతుంది. కాబట్టి అతని పని మాకు తిండి సమస్య కాదు. రోజూ పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "ఆఫీసుకెళ్ళొస్తా బావా" అని చెప్పి పక్క గదిలోకి వెళ్ళే మనిషి అతను. ఆ గదిలో ఎవరి మోచెయ్యీ పట్టుకోనక్కర్లేదు. ఎవరినీ "ఇదేమిటో కాస్త చూసి చెప్పండి" అని అడగనక్కర్లేదు. ఆ గది పోతే అతనికి మిగిలేది నా మోచెయ్యే. అది మా ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోం.

సిస్టమ్ మార్చడానికి వచ్చినావిడ మా వీధి చివర రిపేరు షాపు నడుపుతుంది. నడివయసు మనిషి. భుజాన బరువైన సంచి, నోటినిండా మాటలు. గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"అమ్మో, ఇంత పాతదా! దీన్ని మ్యూజియంవాళ్ళు అడగలేదా?"

"అడిగారండీ," అన్నాడు మా బావమరిది. "నన్ను కూడా కలిపి ఇమ్మన్నారు. మా బావ ఒప్పుకోలేదు."

ఆవిడ పెట్టె మూత విప్పి, లోపల దుమ్ము ఊది, తుమ్మి, మెమరీ కార్డు ఒకటి మార్చి, మళ్ళీ మూత బిగించింది.

"చూడండీ, పాత సిస్టమ్‌ని మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కిస్తాను. తుడిచాక వెనక్కి రావడమనేది ఉండదు. ఏమేం దాచాలో ఇప్పుడే చెప్పెయ్యండి. ఫోటోలా, పాటలా, పెళ్ళి వీడియోలా?"

"నాకు పెళ్ళే కాలేదు. ఎవరి వీడియో దాస్తారు?"

"మరి ఏముంది ఇందులో?"

"నేను కొట్టిన రిపోర్టులున్నాయి. అవి దాచండి. చాలు."

"బాగా ఆలోచించుకోండి. తర్వాత స్క్రూడ్రైవరు పట్టుకుని నా వెంటపడితే లాభం లేదు."

"మిగతాదంతా ఇక్కడుందండీ," అని అతను రెండు చేతులూ పైకెత్తి పది వేళ్ళూ ఆడించాడు. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

రిపోర్టులన్నీ వేలెడంత పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, తుడవడం మొదలుపెట్టి, "ఇది మధ్యాహ్నం దాకా నడుస్తుంది, మీరెవరూ ముట్టుకోకండి, అన్నం తినేసి వస్తా" అని వెళ్ళిపోయింది.

సిస్టమ్ మారుతున్నంతసేపూ చదివే గొంతు ఉండదు. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అతను కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని తెర చూస్తున్నాను.

"ఏమంటోంది బావా?"

"ఏమీ అనట్లేదు. ఒక గీత మెల్లగా నిండుతోంది."

"ఎంతవరకు వచ్చింది?"

"సగం దాటలేదు."

కాసేపాగి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. ఆపరేషన్ గది బయట కూర్చున్నట్టుంది అన్నాడు. అన్నాక తప్పు మాట అన్నానేమోనని ఆగిపోయాడు. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మేమిద్దరం అలాగే ఒక బల్లమీద కూర్చునేవాళ్ళం. అప్పుడు అతను వరండాలో అడుగుల చప్పుడు విని, "ఇప్పుడొచ్చేది మంచి నర్సే బావా, సూది మెల్లగా వేస్తుంది" అని ముందే చెప్పేవాడు. ఆ మాట వినగానే నాకు ఊపిరి కాస్త తేలికయ్యేది. ఆ సంగతి అతనికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

"ఒక్కోసారి ఏ నర్సో తెలిసేది కాదు," అన్నాడు. "ఊరికే అనేవాణ్ణి."

మధ్యాహ్నానికి కొత్త సిస్టమ్ లేచి కూర్చుంది. రిపేరు షాపావిడ వచ్చి, అతనికి కావలసిన చదివే గొంతును అందులో పెట్టింది. పెడల్ తగిలించింది. ఆఫీసు సైట్‌లోకి లాగిన్ కూడా అయింది. అన్నీ కుదిరాయి. అతను గొంతు వేగం పెంచుకుంటూ పోయి, చెయ్యి ఆపేశాడు.

"ఇది ఊపిరి పీలుస్తోంది బావా!"

"ఊపిరేమిటి?"

"ఇంకాస్త తొందరగా చదవమంటే రొప్పుతోంది, మనిషిలాగ. వీళ్ళు దీనికి ఊపిరితిత్తులు కూడా పెట్టారు. ఇక నా రిపోర్టు కూడా నేనే కొట్టాలేమో, ఉబ్బసం అని."

సంతోషంగానే ఉన్నాడు. ఆవిడ సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. అతను ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని మొదటి రికార్డింగ్ తెరిచాడు. నేను టీ పెట్టడానికి లేచాను. వంటగదిలోకి వెళ్ళేలోపే టైపు చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ కొంచెం మోగింది. మళ్ళీ ఆగింది.

"బావా, ఒకసారి ఇలా రా. తెరమీద ఏముందో చదువు."

"ఏవో రెండక్షరాలున్నాయి. గు, బా."

"అంతేనా? దాని పక్కన వాక్యమేమీ లేదూ?"

"లేదు. గు, బా. అంతే."

అతను పెడల్ మీంచి కాలు తీసేశాడు.

అప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. డాక్టర్లందరూ రోజూ చెప్పేవి చాలావరకు అవే వాక్యాలు. గుండె చప్పుడు బాగుంది, మామూలుగానే కొట్టుకుంటోంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము లేదు. ఇలాంటివి రోజంతా పూర్తిగా కొడుతూ కూర్చుంటే రిపోర్టులు తెమలవు. అందుకని పాత సిస్టమ్‌లో ఒక ఏర్పాటు ఉండేది. రెండు మూడు అక్షరాలు కొట్టి మీట నొక్కితే వాక్యం మొత్తం పడిపోయేది. పెద్దవాటికైతే తల నుంచి పాదాల దాకా పేజీ మొత్తం పడేది. వాటిని అక్కా తమ్ముడూ 'పొట్టివి' అనుకునేవాళ్ళు. అతను పనిలో చేరిన కొత్తలో మా ఆవిడ పక్కన కూర్చుని ఒక్కొక్కటే ఎక్కించింది. తర్వాత అతనే పెంచుకుంటూ పోయాడు. అలా ఎన్ని పోగుపడ్డాయో లెక్క తెలియదు. అతని వేగమంతా వాటిలోనే ఉంది. ఆఫీసులో కళ్ళున్నవాళ్ళను కూడా దాటేవాడంటే అందుకే.

అవి కంప్యూటర్లో ఉన్నాయనే ధ్యాస అతనికి లేకుండా పోయింది. చెవిలో మాట పడగానే వేళ్ళు కదిలేవి, వాక్యం పడేది. నడిచేటప్పుడు మోకాలు ఎక్కడుందో మనం తలుచుకోం కదా. ఏం దాచాలని ఆవిడ అడిగినప్పుడు అతను నిజమే చెప్పాననుకున్నాడు.

రిపేరు షాపావిడ పరుగున వచ్చింది. మర్నాడు కూడా వచ్చి చాలాసేపు ఆ పెట్టెలో వెతికింది. తుడిచినచోట కొత్తది కూర్చుంది, ఇక దొరకదు అంది. నేను ముందే అడిగాను కదా అని మాత్రం అనలేదు. అనడానికి ఆవిడకు హక్కుంది. వెళ్ళేటప్పుడు తను జరిపిన కుర్చీని, అతను చెయ్యి చాస్తే అందేలా, సరిగ్గా పాత చోటుకే జరిపి వెళ్ళింది.

సూపర్‌వైజరుతో మాట్లాడి, రోజుకు కొద్ది రిపోర్టులే పంపేలా ఒప్పించుకున్నాం. "నెల తిరిగేలోపు మామూలు వేగానికి రాకపోతే పైవాళ్ళు నన్నడుగుతారండీ," అందావిడ, బతిమాలుతున్నట్టు. మిగిలిన వేళంతా పొట్టివాటిని మళ్ళీ తయారుచేసుకోవడానికే.

దాచిన పాత రిపోర్టులున్నాయి కాబట్టి వాక్యాలు దొరికాయి. వాటికి ఏ అక్షరాలు కొట్టేవాడో తెలియాలి. మొదటిరోజు నేను ఒక రిపోర్టు తెరిచి చదివాను.

"'కడుపు మెత్తగా ఉంది, నొక్కితే నొప్పి లేదు.' దీనికేం కొట్టేవాడివి?"

అతను నుదురు రుద్దుకున్నాడు. "తెలీదు."

"గుర్తు తెచ్చుకో."

"గుర్తెక్కడిది బావా, ఎప్పుడైనా గుర్తుంచుకుంటేగా! నువ్వు వార్తలు చదువుతున్నట్టు చదువుతున్నావు. అలా చదివితే వేళ్ళకు తెలీదు. అది బిస్కట్ డాక్టరు వాక్యం. ఆయనలా చెప్పు."

బిస్కట్ డాక్టరంటే రికార్డింగ్ చేస్తూ ఏదో ఒకటి నములుతుండే ఆయన. ఇంకొకాయన మెట్ల డాక్టరు, మెట్లెక్కుతూ ఆయాసపడుతూ చెబుతాడు. ఆవులించే ఆవిడ ఒకరు. ముక్కు ఎగబీల్చే ఆయన ఒకరు. అసలు పేర్లు అతనికీ తెలియవు.

"ఆయనలా అంటే?"

"నములుతూ. మధ్యలో మింగి, వాక్యం చివర గొంతు పడిపోవాలి."

నేను వంటగదిలోకి వెళ్ళి బిస్కట్ల డబ్బా తెచ్చుకున్నాను. ఒకటి నోట్లో పెట్టుకుని, నములుతూ, "కడుపు మెత్తగా ఉంది," అని, మింగి, "నొక్కితే నొప్పి లేదు," అన్నాను.

అతని వేళ్ళు టకటకమని కదిలాయి. తెరమీద చూశాను. క, మె, నొ.

"వచ్చింది!" అని అరిచాను. పొడి గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది.

"ఆగు, ఆగు. దగ్గే డాక్టరు ఇంకొకాయన. ఆయన దగ్గరికి తర్వాత వద్దాం," అన్నాడు.

అలా పనిచేశాం. పొద్దున్నంతా నేను నమిలాను, ఆయాసపడ్డాను, ఆవులించాను. మెట్ల డాక్టరు కోసం నిజంగానే గదిలో గుండ్రంగా నడవాల్సివచ్చింది. కింది ఇంటావిడ పైకొచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని అడిగింది. అతని వేళ్ళు ఏ అక్షరాలు కొడితే వాటిని వాక్యంతో జతచేసి కొత్త సిస్టమ్‌లో ఎక్కించడం నా వంతు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేల కింద ఏ గొట్టం ఎక్కడ కలుస్తుందో పటాలు గీసినవాణ్ణి. ఇదీ అలాంటి పనే అనిపించింది.

కొన్ని అక్షరాలు వైద్యానికి సంబంధించినవి కావు. ఒకసారి నేను ఆవులిస్తూ, "ఒళ్ళంతా నొప్పులంటున్నారు, పరీక్షలో ఏమీ కనబడలేదు," అంటే అతని వేళ్ళు 'పిన్ని' అని కొట్టాయి. ఇద్దరం పగలబడి నవ్వాం. వాళ్ళ పిన్ని నాకు బాగా తెలుసు.

"ఇదెవరు పెట్టారు?"

"ఇంకెవరు? మీ ఆవిడే. పిన్ని పక్క గదిలో ఉండగానే పెట్టింది."

"నా పేరు మీద కూడా ఏమైనా ఉందా?"

"అది నాకెలా తెలుస్తుంది? నువ్వు చెబితే వేళ్ళు చెబుతాయి."

రెండు రోజుల తర్వాత వచ్చింది. 'ఆకలి బాగుంది. నిద్ర బాగుంది. చెప్పుకోదగ్గ ఫిర్యాదులు లేవు.' దానికి అతను 'బావ' అని కొట్టాడు. ఇన్నేళ్ళూ పక్క గదిలోంచి నేను వేలమంది రోగుల రిపోర్టుల్లోకి వెళ్ళొచ్చానన్నమాట, ఆకలీ నిద్రా బాగుండి. నవ్వాను గానీ, కాసేపు తెర సరిగా కనిపించలేదు. అతనికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. గొంతు విని అన్నీ కనిపెట్టే మనిషి. అయినా, "టీ ఇంకా ఉందా బావా?" అని మాత్రమే అడిగాడు.

కొన్నింటికి ఎంత నమిలినా వేళ్ళు కదల్లేదు. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే డాక్టర్లవి, గొంతు ఎలా ఉండేదో అతనికే సరిగా గుర్తులేనివి. కొన్ని పేజీలు అక్క చేసినవి. వాటి పొట్టి పేరు ఆవిడే చెప్పేదట, అతను విని కొట్టేవాడట, ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. వాటిని వదిలేశాం.

నెల చివరికొచ్చేసరికి వేగం చాలావరకు వచ్చింది. పక్క గదిలోంచి వానలాంటి పాత టైపు చప్పుడు మళ్ళీ మొదలైంది. సూపర్‌వైజరు కూడా, "ఇంక ఫరవాలేదండీ, నేను పైకి రాసి పంపేస్తాను," అంది. ఆ రోజు అతను భోజనం దగ్గర కూర మారు వడ్డించమన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు ఆవిడే ఫోన్ చేసింది. ఈసారి నవ్వు లేదు.

"నిన్న పంపినవాటిల్లో ఒకటి చూడండీ. మోకాలి ఆపరేషన్ది. డాక్టరుగారు కుడికాలు అన్నారు. మన రిపోర్టులో ఎడమ అని ఉంది."

"నేను కుడే కొట్టానండీ."

"ఒకసారి వినండి."

అతను రికార్డింగ్ పెట్టుకుని విన్నాడు. కుడి. స్పష్టంగా ఉంది. "బావా, తెర చదువు," అన్నాడు. చదివాను. ఎడమ.

కొత్త సిస్టమ్‌కి ఒక అలవాటుంది. మనం కొట్టబోయేది ఏమిటో తనే ఊహించి ముందుకు తోస్తుంది. రిపేరు షాపావిడ మొదట్లోనే దాన్ని ఆపింది. మధ్యలో ఎప్పుడో సిస్టమ్ తనంతట తానే అప్‌డేట్ అయి, ఆపినదాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. అతను కుడి మోకాలికి మూడక్షరాలు కొట్టబోతే, రెండో అక్షరం దగ్గరే అది అంతకుముందు రిపోర్టులోని ఎడమ మోకాలి వాక్యాన్ని తెచ్చి పెట్టేసి, మూడోదాన్ని మింగేసింది. చదివే గొంతు ఎడమ అనే ఉంటుంది. కానీ అతను పొట్టివి కొట్టినప్పుడు ఏనాడూ గొంతు కోసం ఆగి వినలేదు. ఆగితే వేగమెక్కడిది?

"దొరికింది కదండీ," అంది సూపర్‌వైజరు. "మా దగ్గర చూసేవాళ్ళున్నది అందుకే కదా. మనసులో పెట్టుకోకండి."

"ఇలాంటివి ఇంకా వెళ్ళాయేమో మేడమ్."

"అన్నీ చూశాను. ఇదొక్కటే."

రిపేరు షాపావిడ వచ్చి ఆ అలవాటును మళ్ళీ ఆపింది. ఇక రాదు అంది. అంతకుముందూ అదే అంది.

అప్పటినుంచి పక్క గదిలో చప్పుడు మారిపోయింది. టక టక, ఆగడం. టక టక టక, ఆగడం. ఒక్కో పొట్టిదీ కొట్టి, అది సరిగా విప్పుకుందో లేదో గొంతు మొత్తం చదివేదాకా ఆగుతున్నాడు. విన్నాక కూడా మళ్ళీ ఒకసారి వెనక్కి వెళ్ళి వింటున్నాడు. మధ్యాహ్నానికల్లా చొక్కా వీపంతా తడిసిపోయేది. అంతకుముందు భోజనం వేళకు తెమిలే పని సాయంత్రం దాకా సాగేది. సూపర్‌వైజరు ఫోన్ చేసి ఏమీ అనకుండా, "ఎలా ఉన్నారు?" అని అడిగి పెట్టేసేది.

ఒకరోజు ఉండబట్టలేక నేనన్నాను. "నువ్వు పాత వేగంతోనే కొట్టెయ్. పంపే ముందు నేనొకసారి చూస్తాను. ఎడమా కుడీ నాకూ తెలుసు కదా."

అతను చెవుల్లోవి తీసి బల్లమీద పెట్టాడు.

"రోజూ చూస్తావా?"

"చూస్తాను. నాకేం పని?"

"నీకు జ్వరం వస్తే? నువ్వు బజారుకెళ్తే? నేను కూర్చుని గుమ్మంవైపు చెవులు పెట్టుకుని ఉండాలా, మా బావ ఎప్పుడొస్తాడా అని?"

"అలా అని కాదురా."

"నువ్వు చూసి సరే అన్నాక వెళ్ళేది నీ రిపోర్టు బావా. మధ్యలో నేనెందుకు? నువ్వే కూర్చుని కొట్టు."

గట్టిగానే అన్నాడు. నేను లేచి వచ్చేశాను. సాయంత్రం నా కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయి వెతుక్కుంటుంటే, గోడ తడుముకుంటూ వచ్చి, "స్నానాల గది కిటికీ మీద పెట్టావు, పొద్దున చప్పుడైంది," అన్నాడు. క్షమించమని అడగడం అతని పద్ధతిలో అది.

తర్వాతి సోమవారం అతనే ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే స్పీకర్ పెట్టాడు. నేను వినాలనే అనుకుంటాను.

"మేడమ్, నా పేరు తీసెయ్యండి."

"అయ్యో, అదేంటండీ! ఇంకో వారం చూడండి. అలవాటైపోతుంది. ఇక్కడ అందరూ మొదట్లో తిట్టుకున్నవాళ్ళే."

"చేతులకు అలవాటైపోయింది మేడమ్. చేతుల బాధ కాదు. ఇన్నాళ్ళూ చేతులు చేసిందాన్ని నేను చూడకుండా నమ్మాను. చూసే వీలు లేదు కాబట్టి నమ్మాను. ఇప్పుడు ఒక్కో మాటకీ భయమేస్తోంది. ఎవరి కాలో, ఎవరి కన్నో."

అవతల వెనకాల వాళ్ళ లిఫ్ట్ కాబోలు, ఎక్కడో కీచుమంది.

"నేను పైవాళ్ళతో మాట్లాడి వేరే ఏదైనా..." అని మొదలుపెట్టి, తనే ఆపేసింది. వేరే ఏమీ లేదని ఆవిడకు తెలుసు. అబద్ధం చెప్పకుండా ఆగినందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

"మీ చేతిలో ఏమైనా ఉన్నాయా?" అంది చివరికి.

"ఒకటుంది. అది పూర్తిచేసి పంపేస్తాను."

ఆ రిపోర్టు ఎవరో ముసలావిడది. పిత్తాశయంలో రాళ్ళు తీశారు, కుట్లు మానాయి, ఇంటికి వెళ్తోంది. చెప్పింది బిస్కట్ డాక్టరే. నేను గుమ్మంలో నిలబడ్డాను. అతను తొందరపడలేదు. ఒక్కో వాక్యం కొట్టి, విని, ముందుకు జరిగాడు. పొట్టివి వాడలేదు. ప్రతి మాటా అక్షరం అక్షరం కొట్టాడు. చివర్లో డాక్టరు నమలడం ఆపి, ఇంకెవరితోనో "వెళ్ళిరామ్మా, ఇక మళ్ళీ రాకు," అనడం చెవుల్లోంచి బయటికి నాక్కూడా వినిపించింది. అది రిపోర్టులోకి రాదు. అతను పెడల్ వెనక్కి నొక్కి ఆ మాట ఇంకోసారి విన్నాడు. తర్వాత పంపాడు. వెళ్ళిందని గంట మోగింది.

కంప్యూటర్‌ని అతనే ఆపాడు. వైర్లు నన్ను తియ్యనివ్వలేదు. ఉండనీ, దాని దారిన అది ఉంటుంది అన్నాడు.

మర్నాడు పొద్దున నేను వంటగదిలో బీన్స్ తరుగుతున్నాను. అతను ఎప్పుడూ ఆ వేళకు లేచి తయారై పక్క గదిలో ఉండాలి. లుంగీతోనే వంటగది గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం తరుగుతున్నావు?"

"బీన్స్."

"కత్తి ఇలా ఇవ్వు."

మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ అతణ్ణి కత్తి ముట్టుకోనివ్వలేదు. వేలికి గాటు పడితే పని ఆగిపోతుందని. వేడి గిన్నె పట్టుకోనిచ్చేది కాదు, తలుపు సందులో చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఆవిడ పోయాక ఆ కాపలా నేను కాశాను. ఎందుకో ఆ పూట కాదనలేకపోయాను. కుర్చీ లాగి కూర్చోబెట్టి, చెక్క ముందు పెట్టి, కత్తి పిడి అతని అరచేతిలో ఉంచాను. అతను ఎడమచేత్తో బీన్సు కొన తడిమి, కత్తిని గోటి పక్కన ఆనించాడు.

"వేళ్ళు జాగ్రత్త," అన్నాను.

"ఇంక దేనికి బావా?"

కోపంగా అనలేదు. బయట ఎండగా ఉందా అని అడిగినంత మామూలుగా అడిగాడు. నేను ఇంకో బీన్సు తీసి అతని చేతికి అందేలా పెట్టాను. అతను మెల్లగా తరిగాడు, తర్వాత ఇంకొకటి అందుకున్నాడు. ముక్కలన్నీ ఒకే పొడుగున పడుతున్నాయి.